ఆక్టేవియా వీఆర్‌ఎస్‌కి ఐఎస్38 టర్బో: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

2017లో మన దగ్గర అమ్మకానికి వచ్చిన స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230లో ఉన్నది ఈఏ888 మూడో తరం 2.0 టీఎస్ఐ ఇంజిన్. కంపెనీ దానికి పెట్టిన టర్బో (పొగ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) ఐహెచ్ఐ వాళ్ల ఐఎస్20. అదే కుటుంబపు ఇంజిన్‌తో 300 హార్స్‌పవర్ ఇచ్చే గోల్ఫ్ ఆర్, ఆడి ఎస్3 బండ్లకి పెట్టింది ఇంకా పెద్దదైన ఐఎస్38. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగ బయటికి పోయే దారి) సిలిండర్ హెడ్‌లోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి రెండు టర్బోలూ నేరుగా హెడ్‌కే, ఒకే చోట బిగుస్తాయి. ఆయిల్, కూలెంట్ పైపులు కూడా దాదాపు ఉన్నవి ఉన్నట్టే అమరిపోతాయి. అందుకే ఈ బండి ఉన్నవాళ్లు పెద్ద టర్బో అనగానే ఐఎస్38 పేరే ఎత్తుతారు.

టర్బో మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ ఈ పనిలో అసలు కన్నా కొసరు ఎక్కువ. షాపుకి ఫోన్ చేసి "టర్బో ఎంత?" అని అడిగితే వచ్చే అంకె, మొత్తం బిల్లులో సగం కూడా కాకపోవచ్చు.

ముందు నడక సంగతి. ఐఎస్20 మీద స్టేజ్ 1 ట్యూన్ (భాగాలు మార్చకుండా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చడం) చేసిన బండి 2,500 ఆర్‌పీఎం దాటగానే దూకుతుంది, 5,500 తర్వాత ఆయాసపడుతుంది. ఐఎస్38కి 3,300–3,500 దాకా ఓపిక పట్టాలి. అక్కణ్ణుంచి 6,500 దాకా ఎక్కడా సడలకుండా లాగుతుంది. మంచి పెట్రోలు పోస్తే మొదటిది క్రాంక్ దగ్గర (చక్రాల దగ్గర కాదు, ఇంజిన్ దగ్గర) సుమారు 300 హార్స్‌పవర్, రెండోది 380 పైచిలుకు. కాగితం మీద 80 హార్స్‌పవర్ తేడా పెద్దదే. అయితే అమీర్‌పేట ట్రాఫిక్‌లో రెండు వేల ఆర్‌పీఎం దగ్గర కాలు నొక్కినప్పుడు పాత టర్బో బండే ముందుంటుంది. 120 పరిమితి ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద కొత్త టర్బో పైచేయి చూపించే సరికి స్పీడ్ కెమెరా కూడా చూసేస్తుంది. చెన్నై, కోయంబత్తూరు ట్రాకులకి క్రమం తప్పకుండా వెళ్లేవాళ్లకే ఆ చివరి రెండు వేల ఆర్‌పీఎం విలువ తెలుస్తుంది.

ఇక గేర్‌బాక్స్. పనంతా చెడేది ఎక్కువగా ఇక్కడే. వీఆర్‌ఎస్ 230లో ఉన్నది డీక్యూ250, ఆరు గేర్ల తడి క్లచ్ (ఆయిల్లో మునిగి ఉండేది) డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. కంపెనీ లెక్క ప్రకారం దాని తాహతు సుమారు 350 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు), బండి మామూలుగా ఇచ్చే టార్క్ (తిప్పే బలం) కూడా అంతే. ఐఎస్38 ట్యూన్‌తో 450 దాటుతుంది. ఆ బరువు మోయాలంటే ముందు గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ మార్చి క్లచ్‌ని నొక్కిపట్టే ఒత్తిడి పెంచాలి. పాత క్లచ్ అరిగి ఉంటే సాఫ్ట్‌వేర్ కూడా కాపాడలేదు. మూడు, నాలుగు గేర్లలో 3,500–4,500 మధ్య పూర్తిగా కాలు నొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఎగిరి వేగం మాత్రం అంతే ఉందంటే క్లచ్ జారుతున్నట్టు. ఆ స్థితిలో ఇంకో వారం నడిపితే కాలిన ముక్కలు ఆయిల్లో కలిసి మెకట్రానిక్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) దాకా పోతాయి. టర్బో పెట్టే రోజే గేర్ ఆయిల్ (మార్చేటప్పుడు 5 లీటర్ల పైన పడుతుంది), ఫిల్టర్ మార్చేయాలి. కంపెనీ చెప్పే 60,000 కిలోమీటర్ల గడువుని ఆ తర్వాత సగానికి తగ్గించుకోవడం మంచిది.

1.8 టీఎస్ఐ ఆక్టేవియా ఉన్నవాళ్లు కూడా ఇదే టర్బో అడుగుతుంటారు. దాని హెడ్‌కి టర్బో ఎక్కుతుంది కానీ, వెనకున్నది డీక్యూ200, పొడి క్లచ్, తాహతు 250 ఎన్ఎం. ఎద్దుబండికి రైలింజిన్ కట్టినట్టు ఉంటుంది. వద్దు. 2020లో 200 మాత్రమే వచ్చిన ఆర్ఎస్ 245 వాళ్లు మాత్రం అదృష్టవంతులు. అందులోని ఏడు గేర్ల డీక్యూ381 ఈ టార్క్‌ని డీక్యూ250 కన్నా బాగా మోస్తుంది.

పెట్రోలు దగ్గర చాలామంది ఒక లెక్క తప్పుతారు. అమెరికా ట్యూనింగ్ కంపెనీలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఫైళ్ల మీద ఏ ఆక్టేన్ పెట్రోలు పోయాలో 91, 93 అని ఉంటుంది. అది అక్కడి ఏకేఐ అనే ఆక్టేన్ కొలత. వాళ్ల 93 అంటే మన బంకుల్లో వాడే ఆర్‌ఓఎన్ లెక్కలో దాదాపు 98. వాళ్ల 91 మన 95కి దగ్గర. అంటే ఎక్స్‌పీ95 పోసి 93 ఫైలు నడిపితే ఇంజిన్ నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే మండడం) వల్ల స్పార్క్ టైమింగ్ వెనక్కి లాక్కుంటుంది. పవర్ రాదు సరికదా, వేడి పెరుగుతుంది. 93 ఫైలుకి ఎక్స్‌పీ100 గానీ పవర్99 గానీ కావాలి. హైదరాబాద్‌లో అవి కొన్ని బంకుల్లోనే దొరుకుతాయి, ఊరు దాటితే అదీ లేదు. కాబట్టి 95 కోసం ఒకటి, 100 కోసం ఒకటి, రెండు ఫైళ్లూ ఇచ్చే ట్యూనర్ దగ్గరే చేయించండి.

ఇథనాల్ సంగతి కూడా ఉంది. ఇథనాల్ లేని పెట్రోలుకి గాలి–ఇంధనం నిష్పత్తి సుమారు 14.7 అయితే, 20 శాతం ఇథనాల్ కలిసినదానికి 13.5 దగ్గర. అదే గాలికి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఐఎస్38తో కంపెనీ హై ప్రెషర్ ఇంధన పంపు ఎలాగూ అంచుల్లోనే ఉంటుంది. ఈ అదనం మీద పడితే 6,000 దగ్గర రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి చేరే ఇంధనం ఒత్తిడి) జారుతుంది. అలా జారితే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) తగ్గించిన ఫైలు అడగాలి, లేదా పంపు మార్చాలి. మూడో దారి లేదు.

బిగింపు విషయానికొస్తే, చేయి తిరిగిన మెకానిక్‌కి కూడా ఒక పూర్తి రోజు పని. టర్బో ఇంజిన్ వెనక, ఫైర్‌వాల్ వైపు ఇరుకులో ఉంటుంది. డౌన్‌పైప్‌ని (టర్బో నుంచి పొగ తీసుకెళ్లే గొట్టం) కింద నుంచి దించాలి. పాత గాస్కెట్లు, నట్లు, బాంజో బోల్టు వాషర్లు, కూలెంట్ పైపుల ఓ–రింగులు, ఆయిల్ రిటర్న్ గాస్కెట్ ఒక్కటి కూడా తిరిగి వాడకూడదు. వంద రూపాయల వాషర్ మిగుల్చుకుంటే మళ్లీ అదే రోజు పని. కూలెంట్ ఎలాగూ దించుతారు కాబట్టి ఈ ఇంజిన్‌కి పేరుమోసిన రోగం, ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగ్ లీకు, కూడా అప్పుడే చూసి మార్చేయండి.

స్టార్ట్ చేసే ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి వీల్‌ని చేత్తో తిప్పాలి. ఇంధనం రాకుండా ఆపి పదేసి సెకన్లు రెండు మూడుసార్లు క్రాంక్ చేస్తే ఆయిల్ ప్రెషర్ అక్కడిదాకా చేరుతుంది. ఇది వదిలేసిన టర్బో బేరింగు మొదటి నిమిషంలోనే గీతలు పడుతుంది. వేస్ట్‌గేట్ (బూస్ట్‌ని అదుపు చేసే తలుపు) యాక్చుయేటర్ ఎలక్ట్రానిక్ కాబట్టి వీసీడీఎస్ లేదా ఓడీఐఎస్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో అడాప్టేషన్ (కొత్త భాగాన్ని బండికి పరిచయం చేయడం) చేయాల్సిందే. "అదే నేర్చుకుంటుంది అన్నా" అన్న మాట నమ్మవద్దు. కంప్యూటర్ లేని షాపులో ఈ పని చేయించకపోవడమే మేలు. కూలెంట్‌ని వాక్యూమ్ ఫిల్లర్‌తో నింపితే గాలి బుడగల బెడద ఉండదు.

తోడుగా కావలసినవి: మూడంగుళాల డౌన్‌పైప్, పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చేది), ఒక మెట్టు చల్లని స్పార్క్ ప్లగ్గులు (గ్యాప్ 0.6–0.7 మిల్లీమీటర్లు). వీటిలో ఒకటే కొనగలిగితే ఇంటర్‌కూలర్ కొనండి. మే నెలలో 42 డిగ్రీల విజయవాడ ఎండలో కంపెనీ ఇంటర్‌కూలర్ రెండు గట్టి లాగుడులకే వేడెక్కి చేతులెత్తేస్తుంది. మూడోసారికి మీ 380లో చాలా భాగం ఉండదు.

పని అయ్యాక డైనో (పవర్ కొలిచే యంత్రం) కాగితం కన్నా లాగ్ (బండి లాగుతుండగా కంప్యూటర్‌లో రికార్డయ్యే అంకెలు) ముఖ్యం. మూడో గేరులో 2,500 నుంచి 6,500 దాకా ఒక లాగుడు. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, నాలుగు సిలిండర్ల టైమింగ్ వెనుకంజ, ఇన్‌టేక్ వేడి, రైల్ ప్రెషర్. అన్ని సిలిండర్లలోనూ మూడు డిగ్రీలకి మించి వెనక్కి పోతుంటే పెట్రోలు అనుమానించండి. ఒక్క సిలిండర్‌లోనే అయితే ప్లగ్గు, కాయిల్ చూడండి. పీ0299 (బూస్ట్ చాలడం లేదన్న) కోడ్ పడితే కొత్త టర్బోని తిట్టే ముందు అవుట్‌లెట్ పైపు సీలు చూడండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. మూడు వేల లోపే 500 ఎన్ఎం చూపించే ఫైలు ఇస్తే సంబరపడకండి. కనెక్టింగ్ రాడ్లు వంగేది ఆ కింది ఆర్‌పీఎం టార్క్ వల్లే.

సెకండ్ హ్యాండ్ టర్బో కొనేవాళ్లు పార్ట్ నంబర్ చివరి అక్షరం చూడాలి. తొలి రోజుల ఐఎస్38లు ట్యూన్ చేసిన బండ్లలో షాఫ్ట్ విరిగిపోయి పేరు పోగొట్టుకున్నాయి, తర్వాతి రివిజన్లే తీసుకోవాలి. షాఫ్ట్ పక్కలకి వెంట్రుకవాసి కదిలినా ఫరవాలేదు, ముందుకీ వెనక్కీ మాత్రం అసలు కదలకూడదు. పేరు లేని నకలు సగం ధరకి వస్తుంది. బ్యాలెన్స్ సరిగా లేని వీల్ లక్షన్నర ఆర్‌పీఎం దగ్గర ఏం చేస్తుందో ఇంటర్‌కూలర్ విప్పి లోపలి లోహపు పొడి చూస్తే తెలుస్తుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన డౌన్‌పైప్‌తో పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇంకా పెద్ద ఇబ్బంది. పాత ఐఎస్20ని అమ్మేయకుండా ఆయిల్ రాసి, రంధ్రాలు మూసి, అటక మీద పెట్టుకోవడానికి ఇదొక్క కారణం చాలు. బండి అమ్మే రోజు వస్తే రెండో కారణం కూడా దొరుకుతుంది.