చేత్తో రాయడమా, ఫోన్‌లో టైప్ చేయడమా

నేను కథ మొదటి డ్రాఫ్ట్ ఎప్పుడూ చేత్తోనే రాస్తా, ఫెయిర్ కాపీ మాత్రం ఫోన్‌లో. రెండూ వాడతా కాబట్టి చెప్తున్నా.

ఫోన్‌లో తెలుగు రాయాలంటే చాలామందిమి ఇంగ్లీష్ అక్షరాలు కొట్టి తెలుగు రప్పిస్తాం కదా, అక్కడే నాకు ఇబ్బంది, "కళ్ళు" అని మనసులో అనుకుంటే వేలు ఇంగ్లీష్ స్పెల్లింగ్ వెతుక్కుంటుంది, కింద కీబోర్డ్ చూపించే మాటల్లో ఒకటి నొక్కేస్తాం, అది మనం అనుకున్న మాట కాకపోయినా సరే. పెన్నుతో ఆ గొడవే లేదు, అక్షరం రాసి, తలకట్టు పెట్టి, కింద వత్తు ఇచ్చేలోపు తర్వాతి మాట దానంతటదే వచ్చేస్తుంది. కొట్టేసిన వాక్యం కూడా పేజీలోనే ఉంటుంది, నాకైతే ఎన్నోసార్లు అదే మళ్ళీ పనికొచ్చింది. ఫోన్‌లో డిలీట్ చేస్తే పోయినట్టే.

స్పీడు, సెర్చ్, పేరాలు అటూ ఇటూ జరపడం, వీటిలో ఫోన్‌దే పైచేయి, ఒప్పుకుంటా.

పెన్ను సంగతికొస్తే రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) ఫౌంటెన్ పెన్ ఒకసారి పట్టుకుని చూడండి, లేత్ మీద చేత్తో తిప్పి చేస్తారు, డ్రాపర్‌తో నేరుగా బారెల్‌లోనే ఇంకు పోస్తాం, అందుకే చాలా పేజీలు వస్తాయి. నొక్కక్కర్లేదు, చెయ్యి నొప్పి పుట్టదు. నా కథలన్నీ దాంతోనే మొదలవుతాయి.