డాంట్‌లెస్ కోసం న్యూ ఆర్లీన్స్, పెన్సకోలా: ఎక్కడ ఏం బాగుంది

రెండో ప్రపంచ యుద్ధంలో నిటారుగా దూకి బాంబులేసిన అమెరికా నేవీ విమానం డాంట్‌లెస్‌ని చూడాలనే బయల్దేరేవాళ్లకి ముందే చెప్పేస్తాను: న్యూ ఆర్లీన్స్ మ్యూజియం పెద్దది, ఖరీదైనది, హంగామా ఎక్కువ. కానీ నా ఓటు ఫ్లోరిడాలోని పెన్సకోలా మ్యూజియానికే. దారిలో రెండూ తగులుతాయి కాబట్టి హ్యూస్టన్ నుంచి ఐ-10 హైవే పట్టుకుని కార్లో వెళ్లాం. మాతోపాటు మా మామయ్యగారు కూడా వచ్చారు. ఆయన విశాఖ నేవల్ డాక్‌యార్డులో షీట్ మెటల్ పని చేసి రిటైరయ్యారు. రేకు కనబడితే చాలు, అక్కడే ఆగిపోతారు.

న్యూ ఆర్లీన్స్‌లోని నేషనల్ వరల్డ్ వార్ టూ మ్యూజియం టికెట్ పెద్దలకి ముప్ఫై డాలర్ల పైనే. డబ్బుకి తగ్గట్టే ఉంటుంది, ఒక రోజు చాలదు కూడా. యుద్ధంలో సైనికుల్ని ఒడ్డుకి చేర్చిన హిగిన్స్ పడవలు తయారైంది ఈ ఊళ్లోనే. అందుకే మ్యూజియం ఇక్కడ పెట్టారు. బోయింగ్ సెంటర్ అనే హాల్లో బీ-17 బాంబర్ విమానంతో పాటు డాంట్‌లెస్ కూడా పైనుంచి వేలాడుతోంది. పైన నడక వంతెనలున్నాయి. ఎత్తంటే భయం లేకపోతే విమానం ఎత్తుకే వెళ్లి చూడొచ్చు.

నన్నడిగితే దాన్ని కింద నిలబడి చూడటమే మేలు. ఈ విమానం గొప్పతనమంతా పొట్ట కిందా రెక్కల వెనకా ఉంది. రెక్కల వెనక అంచున ఫ్లాప్‌లు చిల్లుల గరిటెలా ఉంటాయి. నిటారుగా కిందికి దూకేటప్పుడు వేగం మరీ పెరగకుండా వాటిని తెరుస్తారు. దీనికి ముందు రూపమైన నార్త్రాప్ బీటీ-1లో ఈ ఫ్లాప్‌లు తెరిస్తే గాలి సుడులు వెళ్లి తోకను వణికించేవి. ఆ ఫ్లాప్‌లకి చిల్లులు పెట్టడంతో ఆ వణుకు తగ్గింది. తర్వాత నార్త్రాప్ కంపెనీ డగ్లస్ చేతికి వచ్చింది. ఎడ్ హైనెమన్ అనే డిజైనర్ ఆ బీటీనే సానబెట్టి ఎస్‌బీడీ డాంట్‌లెస్‌గా తెచ్చాడు. 1940లో మెరైన్లకి, ఆ తర్వాత నేవీకి అందింది.

పొట్ట కింద బాంబు పట్టుకునే ఊయల లాంటి చట్రం ఉంటుంది. ముక్కు కిందికి పెట్టి దూకుతున్నప్పుడు బాంబుని ఊరికే వదిలేస్తే అది తన ప్రొపెల్లర్‌కే తగులుతుంది. అందుకని ఈ చట్రం బాంబుని ముందుకి ఊపి ప్రొపెల్లర్ చుట్టుకి బయట వదిలేస్తుంది. పదిహేను వేల అడుగుల నుంచి, దాదాపు డెబ్బై డిగ్రీల వాలులో, ఓడ డెక్ మీదికి గురి పెట్టి దిగడం అంటే ఊహించుకుంటేనే టెన్షన్. వెనక సీట్లో గన్నర్ తోక వైపు తిరిగి కూర్చుంటాడు. అంటే తాను ఎక్కడికి పడుతున్నాడో కూడా అతనికి కనబడదు.

బసకి మ్యూజియం ఎదురుగానే హిగిన్స్ హోటల్ ఉంది. మాకు ధర ఎక్కువనిపించి కాస్త దూరంలో వేరే చోట దిగాం. అక్కడ గది బాగానే ఉంది కానీ పార్కింగ్‌కి రోజుకి వేసిన చార్జీ చూస్తే మిగిల్చిందంతా అక్కడే పోయింది. బుక్ చేసేముందు పార్కింగ్ సంగతి అడగండి. శాకాహారులకి బెన్యేలు (చక్కెర పొడి చల్లిన నూనెలో వేయించిన తీపి), కాఫీతో సాయంత్రం గడిచిపోతుంది. భోజనం మాత్రం వెతుక్కోవాలి.

అక్కడి నుంచి పెన్సకోలా మూడు గంటల డ్రైవు. దారిలో మొబైల్ అనే ఊరి దగ్గర యుద్ధనౌక యూఎస్‌ఎస్ అలబామా ఉంది. పిల్లలుంటే ఆగండి, ఇరుకు మెట్లెక్కి దిగడానికి వాళ్లకి సరదాగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు డెక్ మీద తిరిగి వచ్చేయొచ్చు.

నేషనల్ నేవల్ ఏవియేషన్ మ్యూజియం నేవీ స్థావరం లోపల ఉంది. ప్రవేశం ఉచితం, కానీ గేటు దగ్గర ఐడీ తనిఖీ తప్పదు. రూల్స్ అప్పుడప్పుడు మారుతుంటాయి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు ముందుగా మ్యూజియం సైటు చూసుకోండి.

ఇక్కడి డాంట్‌లెస్ నంబరు 2106. పాలిష్ చేసిన బొమ్మలా ఉండదు, అదే దాని అందం. 1942 మార్చిలో న్యూగినీలోని లే, సలమౌవా మీద దాడికి అమెరికా విమానవాహక నౌక లెక్సింగ్టన్ నుంచి వెళ్లింది. జూన్ 4న పసిఫిక్‌లో జపాన్‌తో జరిగిన మిడ్‌వే యుద్ధంలో మెరైన్ల చేతిలో ఉంది. ఆ ఉదయం మిడ్‌వే దీవి నుంచి జపాన్ విమానవాహక నౌక హిర్యూ మీదికి వెళ్లిన 16 డాంట్‌లెస్‌లలో సగం తిరిగి రాలేదు. పైలట్లు చాలామంది కొత్తవాళ్లు కావడంతో నిటారుగా దూకించకుండా వాలుగా దిగి దాడి చేశారు. లెఫ్టినెంట్ డేనియల్ ఐవర్సన్, గన్నర్ వాలెస్ రీడ్ ఈ 2106ని ఒక చక్రం మీదే దించారు. విమానం ఒంటినిండా రెండొందలకి పైగా చిల్లులు. ఐవర్సన్ గొంతుకి కట్టుకున్న మైకు కూడా తూటాకి తెగిపోయింది.

అదే రోజు కాసేపటికి అమెరికా నౌకల మీది నుంచి వచ్చిన డాంట్‌లెస్‌లు కొద్ది నిమిషాల్లోనే మరో మూడు జపాన్ విమానవాహక నౌకలు అకగి, కాగా, సోర్యూలను తగలబెట్టాయి. సాయంత్రానికి హిర్యూ పని కూడా అయిపోయింది.

2106ని బాగుచేసి శిక్షణకి పంపారు. మిషిగన్ సరస్సులో ఆవిరితో నడిచే తెడ్డుచక్రాల ఓడలు రెండింటికి పైన డెక్ వేసి, ఊల్వరిన్, సేబుల్ అని పేర్లు పెట్టి, వాటి మీద పైలట్లకి దిగడం నేర్పేవారు. 1943 జూన్‌లో అక్కడే ఈ విమానం నీళ్లలో పడింది. 1994లో పైకి తీశారు. ఉప్పులేని చల్లని నీళ్లు కాబట్టి రేకు నిలిచింది.

మామయ్యగారు తాడు కట్టిన చోటు దాకా వంగి, రేకు మీది అతుకుల్ని ఒక్కొక్కటిగా చూశారు. "అల్లుడుగారూ, ఇది షోకి వేసిన అతుకు కాదండీ, మళ్లీ ఎగరాలని వేసింది" అన్నారు. అప్పటిదాకా అవి మ్యూజియం వాళ్లు వేసిన మరమ్మతులేమో అనుకుంటున్న మా అబ్బాయి మళ్లీ దగ్గరికొచ్చి చూశాడు.

అక్కడి గైడ్లలో చాలామంది రిటైరైన నేవీవాళ్లు, ఓపిగ్గా చెబుతారు. ఈ విమానం స్థానంలో వచ్చిన హెల్‌డైవర్ గురించి అడిగితే మా గైడు మొహం కాస్త చిట్లించాడు. కాగితం మీద హెల్‌డైవరే మేటి: ఇంకా వేగం, రెక్కలు మడతపడతాయి. డాంట్‌లెస్ రెక్కలు మడతపడవు, నౌకలో చోటు ఎక్కువ తింటుంది. కానీ 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధంలో చీకటిపడ్డాక తిరిగొస్తూ చాలా హెల్‌డైవర్లు ఇంధనం అయిపోయి సముద్రంలో దిగాల్సివచ్చింది. డాంట్‌లెస్‌లు చాలావరకు క్షేమంగా చేరాయి. అయినా ఆ తర్వాతి నెలలోనే తయారీ ఆపేశారు. అప్పటికి తయారైనవి 5,936.

మ్యూజియంలో క్యూబీ కేఫ్ అలంకరణ చూడటానికి బాగుంది. మాంసం తినని వాళ్లు మాత్రం డబ్బాలో పులిహోర తీసుకెళ్లడం మంచిది. సీజన్‌లో కొన్ని మంగళ, బుధవారాల్లో నేవీ విమాన విన్యాసాల జట్టు బ్లూ ఏంజిల్స్ ప్రాక్టీసు ఉంటుంది. ఆ రోజు చూసుకుని వెళ్తే రెండు పనులూ అవుతాయి. బీచ్ దగ్గర హోటళ్లు వేసవిలో మండిపోతాయి. హైవే పక్కన దిగి బీచ్‌కి వెళ్లి రావడమే మాకు నప్పింది.

ఇంత దూరం వెళ్లలేనివాళ్లకి ఇంకో దారి ఉంది. షికాగోలో మిడ్‌వే ఎయిర్‌పోర్టుకి పేరొచ్చింది ఆ యుద్ధం నుంచే. కాన్‌కోర్స్ ఏలో పైన డాంట్‌లెస్ వేలాడుతుంటుంది. సెక్యూరిటీ దాటితేనే కనబడుతుంది కాబట్టి అక్కడి నుంచి ఫ్లైటు ఉండాలి.