మొదటి ఇంజిన్, మొదటి ట్రైనర్: ఓఎస్ 46 ఎల్ఏ, కాడెట్ ఎల్‌టీ-40 ఏళ్ల తరబడి వాడాక

ఆర్‌సీ విమానాలు (రేడియోతో కింద నుంచి నడిపే చిన్న విమానాలు) మొదలుపెట్టే పిల్లలు హన్మకొండలో ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ ఇంజిన్‌కు పవర్ ఎక్కువ?" ట్రైనర్‌కు, అంటే నేర్చుకోవడానికి వాడే విమానానికి, పవర్ చాలక ఇబ్బంది పడ్డవాణ్ని నేను చూడలేదు. వానాకాలం పోయాక ఇంజిన్ బిగుసుకుపోయి తల పట్టుకున్నవాళ్లను మాత్రం బాగానే చూసిన.

మన దగ్గర ఎగరేసే కాలమే చిన్నది. యాసంగి కోతలై మడులు ఖాళీ కావాలి, లేదా ఎండలకు చెరువు శిఖం గట్టిపడాలి. జూన్‌లో వాన పడిందంటే మళ్లీ బురద, నాట్లు, పత్తి. ఇంజిన్ ఏడాదిలో సగం బీరువాలోనే. ఈ ఇంజిన్లలో పోసే మిథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది, లోపల మిగిలిన ఆ తడికి బాల్ బేరింగులు తుప్పు పడతాయి. ఓఎస్ కంపెనీ 46 ఎల్ఏ ఇంజిన్‌లో బాల్ బేరింగులే లేవు, క్రాంక్‌షాఫ్ట్ ఉత్త బుష్‌లో (నున్నటి లోహపు గొట్టంలో) తిరుగుతుంది. అదే కంపెనీ, అదే సైజు ఇంకో ఇంజిన్ ఏఎక్స్‌లో బేరింగులున్నాయి, బలమూ ఎక్కువే. రెండూ ఏడున్నర సీసీ. రెండో విమానానికి ఏఎక్స్ కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. మొదటిదానికి మాత్రం బుష్ ఇంజిన్ చాలు. రోజు ముగిశాక ఫ్యూయల్ పైపు లాగేసి, ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా తిప్పి, కార్బురేటర్‌లో నాలుగు చుక్కల నూనె వేస్తే వానాకాలం గడిచిపోతుంది.

ఎల్ఏలో నాకు బాగా నచ్చింది నీడిల్ వాల్వ్ (ఇంధనం ఎంత పోవాలో సరిచేసే సూది) వెనక ఉండటం. సూది తిప్పడానికి ప్రొపెల్లర్ పక్కకు వేళ్లు పోనక్కర్లేదు. అయితే సూది నుంచి కార్బురేటర్‌కు పోయే చిన్న పైపును ఏడాదికోసారి మార్చండి. దాంట్లో సన్నని బెజ్జం పడ్డా గాలి లాగి ఇంజిన్ లీన్ అవుతుంది (గాలి ఎక్కువై ఇంధనం చాలదు), మీరేమో సూది తప్పనుకుని గంటసేపు తిప్పుతూ కూర్చుంటారు. ప్రొపెల్లర్ 11×5 (అంగుళాల్లో పొడవు, పిచ్) వేయండి. స్టార్ట్ చేయడానికి వేలు వద్దు, రబ్బరు పైపు తొడిగిన కర్ర వాడండి.

ఇక ఇంధనం. పవర్ కోసం ఇంధనంలో కలిపే నైట్రోమీథేన్ కోసం వెతుక్కుంటూ తిరగొద్దు. నాలుగు పాళ్లు మిథనాల్, ఒక పాలు ఆముదం, అంతే. నైట్రో లేకుంటే ఐడిల్ (ఇంజిన్ మెల్లగా తిరిగే వేగం) కొంచెం పైకి పెట్టుకోవాలి, చలికాలం పొద్దున కార్బురేటర్‌లో రెండు చుక్కలు పోసి లేపాలి. మన ఎండల్లో ఆ బాధ కూడా ఉండదు. ఆముదం మాత్రం పూజసామాను దుకాణంలో దీపాలకు అమ్మేది కొనకండి. అసలైన ఆముదం మిథనాల్‌లో చక్కగా కలిసిపోతుంది. మామూలు వంటనూనెలు అలా కలవవు. ముందు చిన్న గాజు సీసాలో కలిపి ఒక రాత్రి ఉంచండి. మసకబారినా, అడుగున పొరలా విడిపోయినా ఆ నూనె కల్తీదే. మిథనాల్ విషం, చూడటానికి నీళ్లలాగే ఉంటుంది, పట్టపగలు దాని మంట కూడా కనబడదు. తాగేనీళ్ల సీసాలో ఎన్నడూ పోయకండి, ఇంట్లో పిల్లలుంటే డబ్బాకు తాళం వేయండి.

ఇక విమానం. అమెరికాలోని సిగ్ కంపెనీ ట్రైనర్ కాడెట్ ఎల్‌టీ-40 రెక్కలు 70 అంగుళాలు, అంటే దాదాపు 1.8 మీటర్లు. అతికించాక ఒకటే ముక్క, బండి మీద పోతే వెనక కూర్చున్నోడు పట్టుకోవాలి. ఆ పెద్ద రెక్కే దాని గొప్ప. బరువుకు రెక్క ఎక్కువ కాబట్టి మెల్లగా తేలుతుంది. రెక్కలు పైకి వంగి ఉండటంతో స్టిక్ వదిలేస్తే తనే సర్దుకుంటుంది. దిగేటప్పుడు ఆలోచించుకోవడానికి టైం ఇస్తుంది. గాలి లేస్తే మాత్రం ఆ రెక్కే మోపైతది, మే నెల మధ్యాహ్నాలు వదిలేసి పొద్దున ఏడింటికల్లా చేనుకు చేరుకోండి. వరి కొయ్యకాళ్లలో ఏ మూడు చక్రాల ట్రైనర్‌కైనా ముందు చక్రం తీగ వంగుతుంది. పెద్ద చక్రాలు వేయండి, లేదా తిన్నగా చెరువు శిఖానికే పోండి. ఎండకు రెక్క మీద అతికించిన ప్లాస్టిక్ ఫిలిం ముడతలు పడితే ఇస్త్రీపెట్టె తక్కువ వేడి మీద పెట్టి మెల్లగా రుద్దితే సాఫవుతుంది.

కొత్తల్లో నేర్పేవాడి ట్రాన్స్‌మిటర్‌కు మీది కలుపుకునే సౌకర్యం ఉండాలి, రేడియో కొనేముందు అదొక్కటి చూడండి. ఫోమ్ ఎలక్ట్రిక్ ట్రైనర్ సుళువే, చవకే. ఇంజిన్ చప్పుడు మీద మనసు లేనివాళ్లు అదే కొనడం మంచిది. మామునూరు ఎయిర్‌ఫీల్డ్ చుట్టుపక్కల వద్దు. మిగతాచోట్ల కూడా ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో జోన్ చూసుకునే పోండి, 2021 డ్రోన్ రూల్స్ మనకూ వర్తిస్తాయి.

ఎల్ఏ ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం, ఎక్కువగా పాతవే చేతులు మారుతుంటాయి. కొనేటప్పుడు ప్లగ్ బిగించి ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. పిస్టన్ పైకొచ్చే దగ్గర గట్టిగా ఆపాలి. జారిపోయినట్టు తిరిగితే పైసలు జేబులోనే ఉంచుకోండి. లోపల గోధుమరంగు మరక కనబడితే భయపడొద్దు, అది మాడిన ఆముదం. షాఫ్ట్‌ను పైకీ కిందికీ కదిపి చూడండి, వదులుగా ఊగితే బుష్ అరిగింది.