జాన్‌స్టన్ గట్టుకి ఈసారి కారు వెళ్ళలేదు

2019లో సియాటిల్ నుంచి మౌంట్ సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతానికి వెళ్ళినప్పుడు జాన్‌స్టన్ రిడ్జ్ (రిడ్జ్ అంటే గట్టు) మీది అబ్జర్వేటరీ అనే సందర్శకుల కేంద్రం గుమ్మం దాకా కారులోనే వెళ్ళాం. లోపల సినిమా అయిపోగానే తెర పైకి లేచింది. అద్దాల వెనక అసలు కొండే! మావాడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. 2023 మేలో మట్టిచరియలు విరిగిపడి ఆ దారిలో ఒక బ్రిడ్జి కొట్టుకుపోయింది. అందుకని ఈసారి కారు కోల్డ్‌వాటర్ దగ్గరే ఆగిపోయింది.

కాసిల్ రాక్ ఊరి పక్కన ఒక మోటెల్‌లో దిగాం. పక్కలు శుభ్రంగానే ఉన్నాయి కానీ హీటర్ రాత్రంతా రొద చేసింది. టిఫిన్ అంటే చల్లటి బ్రెడ్డే. మా ఆవిడ డబ్బాలో తెచ్చిన పులిహోరే ఆదుకుంది. పెట్రోలు ఇక్కడే నింపుకోండి, మ్యాపు కూడా ఫోన్‌లో దించుకోండి. పైన సిగ్నల్‌ని నమ్ముకోలేం.

ఇంతకీ ఎవరీ జాన్‌స్టన్? డేవిడ్ జాన్‌స్టన్, అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త. 1980లో కొండ బుసకొట్టడం మొదలైనప్పుడు గ్యాసు నమూనాల కోసం దాని మీదికే ఎక్కిన మనిషి. వత్తి అంటించిన మందుగుండు పీపా పక్కన నిలబడినట్టుందని విలేకరులతో ఆయనే అన్నాడు. మే 18 ఉదయం 8:32కి అగ్నిపర్వతం పేలినప్పుడు, కొండకి దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో, ఈ గట్టు మీద కాపలా కాస్తున్నాడు. రేడియోలో 'వాంకూవర్! వాంకూవర్! ఇదే అది!' అన్నాడు. (కెనడా వాంకూవర్ కాదు, వాషింగ్టన్ రాష్ట్రంలోది. వాళ్ళ ఆఫీసు అక్కడుండేది.) అప్పటికి ముప్పై ఏళ్ళు. ఆ రోజు పోయిన 57 మందిలో ఆయనొకడు. శరీరం దొరకనేలేదు. 1993లో రోడ్డు వేస్తుంటే ఆయన బస చేసిన ట్రైలర్ బండి ముక్కలు మాత్రం బయటపడ్డాయి.

అబ్జర్వేటరీ లేదు కదా అని నిరాశపడ్డాను కానీ, హమ్మాక్స్ ట్రెయిల్ అనే నడకదారి ఆ లోటు తీర్చింది. నాలుగు కిలోమీటర్ల లోపు చుట్టు. పిల్లలు హాయిగా నడుస్తారు, నీడ మాత్రం తక్కువ. అక్కడి గుట్టలు ఆ ఉదయం జారిపడిన కొండ ముక్కలే. కొండ ఎత్తు 400 మీటర్లు తగ్గిందని చదివితే అంకెలాగే ఉంటుంది. ఆ తగ్గిందంతా ఎక్కడికి పోయిందో ఇక్కడ కాళ్ళ కింద తెలుస్తుంది.

ఈ శిథిలాల మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేసినవాడు హ్యారీ గ్లికెన్. మే 17 దాకా గట్టు మీద కాపలా ఆయనదే. వేరే పని పడితే జాన్‌స్టన్ ఆయన బదులు వచ్చాడు. 1991లో జపాన్‌లో ఉన్‌జెన్ అగ్నిపర్వతం పేలుడులో గ్లికెన్ కూడా చనిపోయాడు. ఇది చెప్పగానే మావాడు, "నాన్నా, ఆయన అక్కడికి మళ్ళీ ఎందుకెళ్ళాడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పులిహోర డబ్బా తీసి ఒక గుట్ట మీద కూర్చున్నాం. ఎదురుగా కొండ ఉత్తరం వైపు ఖాళీగా ఉంది.