అరవై దాటినవాళ్ళ కండబలానికి ఏది మేలు: వే పౌడరా, క్రియాటినా, డి విటమినా?

"మా నాయనకు కాళ్ళల్లో సత్తువ తగ్గింది మేడమ్, ఏ పౌడరు కొనమంటారు?" తిరుపతిలో ఫిజియోథెరపిస్టుగా నేను అన్నిటికంటే ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళు ఫోనులో రెండు మూడు డబ్బాల ఫొటోలు కూడా చూపిస్తారు. ఒకటి వే ప్రొటీన్, ఒకటి క్రియాటిన్, ఇంకొకటి పెద్దవయసువాళ్ళకు ప్రత్యేకం అని రాసి ఉన్న న్యూట్రిషన్ పౌడర్. డి విటమిన్ సాచెట్లు ఎటూ ఇంట్లో ఉండనే ఉంటాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాస్తే మేలనిపించింది.

ఏ డబ్బా సంగతైనా తర్వాత. ముందు నేను అడిగేది ఒక్కటే: పొద్దున టిఫిన్ ఏం తింటున్నారు? ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో తేల్చేది నా లెక్కలో ఆ జవాబే.

మన దేశపు వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 నాటి లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. కానీ 65 దాటినవాళ్ళకు అది సరిపోదని, కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి సూచించింది. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 72 గ్రాములు. మన ఇళ్ళల్లో మధ్యాహ్నం పర్వాలేదు. సంగటి, పప్పో పులగూరో, కాస్త ఊరిబిండి, చివర్లో పెరుగు పడతాయి. చిక్కంతా పొద్దునా రాత్రీనే. మూడు ఇడ్లీలు, చట్నీ, ఒక కాఫీ కలిపి చూసినా పది గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. రాత్రి రెండు చపాతీలో కాస్త ఉప్మానో అయితే అదీ అంతే.

రోజు మొత్తం మీద కలిస్తే చాలదా అని అడుగుతారు. వయసులో ఉన్నవాళ్ళకు ఒక పూట కిలోకు పావు గ్రాము ప్రొటీన్ అందినా కొత్త కండ కట్టే పని గట్టిగా మొదలవుతుంది. డెబ్బై ఏళ్ళ కండ అంత తేలిగ్గా కదలదు. దానికి ఒకే పూటలో కిలోకు 0.4 గ్రాముల దాకా, అంటే 60 కిలోల మనిషికి 24 గ్రాములు, కావాలి. అందులోనూ లూసిన్ అనే అమైనో ఆమ్లం తగినంత ఉండాలి, ఆ పనిని మొదలుపెట్టించేది అదే. పది గ్రాముల టిఫిన్‌తో అది జరగదు.

నేను వే ప్రొటీన్‌ను మొదట పెట్టేది ఇందుకే. పాల నుంచి తీసిన ఈ ప్రొటీన్‌లో దాదాపు పదో వంతు లూసినే, పైగా త్వరగా అరుగుతుంది. తిరుపతిలో పెద్దవయసు వచ్చాక గుడ్డు, మాంసం మానేసినవాళ్ళు ఎక్కువ. వాళ్ళకు పొద్దున పూట లోటు పూడ్చడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు కనపడలేదు. ఉలవ గుగ్గిళ్ళు, అలసందలు, చెనక్కాయలు, చలికాలంలో పితికిపప్పు అన్నీ మంచివే, తినగలిగినవాళ్ళు తప్పకుండా తినాలి. కానీ 50 గ్రాముల ఉలవలు ఉడకేస్తే వచ్చేది 11 గ్రాముల ప్రొటీన్. పళ్ళసెట్టు పెట్టుకున్న పెద్దావిడ అలాంటి గిన్నెలు రెండు నమిలి అరిగించుకోవాలంటే కుదిరే పని కాదు.

కలిపే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది మానేసేది ఇక్కడే. మరిగే పాలలో వేస్తే ఉండలు కడుతుంది. ముందు స్కూపు పొడిని కాసిన్ని చల్లటి నీళ్ళలో స్పూనుతో మెత్తగా కలిపి, ఆ తర్వాత పలచటి మజ్జిగలోనో గోరువెచ్చటి పాలలోనో పోయండి. మూడు ఇడ్లీలు తినే మనిషికి రెండు పెట్టి, పక్కన ఈ గ్లాసు ఇవ్వండి. కడుపు ఉబ్బరం వస్తే డబ్బా మీద కాన్సన్‌ట్రేట్ అని ఉన్న రకం మానేసి ఐసొలేట్ అని ఉన్నది తీసుకోండి, అందులో లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) బాగా తక్కువ.

డబ్బా కొనేటప్పుడు ముందువైపు బొమ్మ కాదు, వెనకవైపు పట్టిక చూడండి. 30 గ్రాముల స్కూపులో ప్రొటీన్ 20 గ్రాములకు తగ్గకూడదు. మూలికలు కలిపామని చెప్పేవి వద్దు. 2024లో అచ్చయిన ఒక అధ్యయనంలో మన మార్కెట్లో దొరికే 36 ప్రొటీన్ పౌడర్లను పరీక్షిస్తే, దాదాపు 70 శాతం డబ్బాల మీద ప్రొటీన్ లెక్క సరిగా లేదని తేలింది. కాబట్టి బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ రిపోర్టు బయటపెట్టే కంపెనీ సరుకే తీసుకోండి. కిలో డబ్బా రోజుకొక స్కూపు చొప్పున నెల రోజులు వస్తుంది.

గుడ్డు తినే ఇల్లయితే ఈ ఖర్చు అక్కరలేదనే నా అభిప్రాయం. రెండు ఉడికించిన గుడ్లు, ఒక పెద్ద గ్లాసు పాలు కలిస్తే 20 గ్రాములు దాటనే దాటుతుంది. గుడ్డు వద్దంటే రాత్రి కూరలో 50 గ్రాముల మీల్‌మేకర్ వేసినా 25 గ్రాములు వస్తుంది, వే కంటే చాలా చవక.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకూడదు. షుగరు, బీపీ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు ముందు క్రియాటినిన్ టెస్టు (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష, క్రియాటిన్ పౌడరు వేరు) చేయించుకుని డాక్టరును అడగాలి.

క్రియాటిన్‌కు నేను రెండో స్థానం ఇస్తాను. జిమ్‌కు వెళ్ళే కుర్రాళ్ళ మందు అని దీన్ని చూసి భయపడతారు గానీ, బాగా పరిశోధించిన సప్లిమెంట్లలో ఇదొకటి. మాంసం, చేపల్లో ఉండే పదార్థం కాబట్టి శాకాహారుల కండల్లో దీని నిల్వ తక్కువగా ఉంటుంది. క్రియాటిన్ మోనోహైడ్రేట్ అనే రకం రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. 250 గ్రాముల డబ్బా 3 గ్రాముల చొప్పున రెండున్నర నెలలు దాటి వస్తుంది. అయితే షరతు ఒకటుంది: బరువుల వ్యాయామం చేస్తేనే దీనితో లాభం. పెద్దవాళ్ళ మీద జరిగిన పరీక్షలన్నిటినీ 2017లో కలిపి చూస్తే, వ్యాయామంతో పాటు క్రియాటిన్ వాడినవాళ్ళకు ఉత్త వ్యాయామం చేసినవాళ్ళ కంటే కొవ్వు కాని బరువు సగటున 1.4 కిలోలు ఎక్కువ పెరిగింది. ఇది వాడుతుంటే రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె కాస్త పెరిగి కనిపించవచ్చు. కిడ్నీ చెడిందని టెన్షన్ పడకుండా, వాడుతున్న సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

డి విటమిన్ లోపం ఉంటే సరిచేయాలి, సందేహం లేదు. కానీ కాళ్ళ బలం కోసమని 60,000 యూనిట్ల సాచెట్‌ను ఎవరూ చెప్పకుండానే నెలనెలా వేసుకుంటూ పోవడం నాకు అస్సలు నచ్చదు. స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో 70 దాటి, అంతకుముందు ఏడాదిలో ఒకసారైనా పడినవాళ్ళు 200 మందిని తీసుకుని ఏడాది పాటు చూశారు. 2016లో ఫలితం వచ్చింది. నెలకు 24,000 యూనిట్లు వేసుకున్నవాళ్ళలో 48 శాతం మంది పడితే, 60,000 వేసుకున్నవాళ్ళలో 67 శాతం మంది పడ్డారు. కాళ్ళ పనితీరు కూడా ఎక్కువ మోతాదుతో మెరుగుపడలేదు. టెస్టు చేయించి, డాక్టరు చెప్పినన్ని వారాలు వాడి ఆపండి.

మిగతావాటికి ఎక్కువ చెప్పేదేం లేదు. హెచ్‌ఎంబీ (లూసిన్ నుంచి తయారయ్యే పదార్థం) మంచం పట్టినవాళ్ళకు కొంత సాయపడవచ్చు, తిరిగే మనిషికి దాని కోసం విడిగా డబ్బు పెట్టనక్కరలేదు. చేపనూనె మాత్రలు, కొలాజెన్ కండ కోసమైతే వద్దు. పెద్దవయసువాళ్ళ న్యూట్రిషన్ పౌడర్ తిండి సహించక బరువు తగ్గిపోతున్నవాళ్ళకు పనికొస్తుంది. మామూలుగా తినేవాళ్ళయితే ఆ పట్టికలో చక్కెర గడి చూశాకే నిర్ణయించుకోండి.

ఏది కొన్నా, మనిషిని కుర్చీలోంచి లేపకపోతే ఫలితం రాదు. 1994లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 72 నుంచి 98 ఏళ్ళ మధ్యవాళ్ళు 100 మందితో పరీక్ష చేశారు. పది వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేసినవాళ్ళ బలం రెట్టింపుకు మించి పెరిగింది. వ్యాయామం లేకుండా సప్లిమెంట్ మాత్రమే తాగినవాళ్ళలో మార్పు రాలేదు. ప్రకాశం పార్కులో నడక మంచిదే, కానీ తొడ కండకు అది చాలదు.

ఇంట్లోనే ఇలా చేయించండి. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి వేసి, రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని, పట్టుకోకుండా ఐదుసార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే నిలబడి ఫోనులో టైము చూడండి. 12 సెకన్లు, ఆపైన పడితే కాళ్ళు బలహీనపడుతున్నట్టు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కాలని మొక్కుకున్నవాళ్ళు ముందు ఈ ఐదూ సరిగ్గా చేయగలగాలి. రోజు మార్చి రోజు, పదేసి చొప్పున రెండు మూడు విడతలు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు పైకి లేపడం చేయించండి.

మూడు నెలల తర్వాత మళ్ళీ టైము చూడండి. అంకె తగ్గకపోతే ఇంకో డబ్బా కొనవద్దు. థైరాయిడ్, బి12, షుగర్ టెస్టులు చేయించి, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడే శాకాహారుల్లో బి12 తగ్గిపోవడం మామూలే, ఆ నీరసాన్ని ఏ ప్రొటీన్ పౌడరూ తీర్చలేదు.