నెల్లూరులో ఫ్రెష్ పిల్స్‌నర్ ఏ షాపులో దొరుకుతుంది?

వేదాయపాళెం వైపు ఒక చిన్న వైన్ షాపు ఉంది. మెయిన్ రోడ్డు మీద కాదు, లోపలికి తిరిగాక ఒక సందు మొదట్లో. ముందు ఇనప గ్రిల్, అందులోంచే డబ్బులిచ్చి సరుకు తీసుకోవాలి. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. అయినా నెల్లూరులో పిల్స్‌నర్, అంటే మనం లైట్ అని అడిగే బీరు, ఫ్రెష్‌గా ఎక్కడ దొరుకుతుందని ఎవరడిగినా నేను పంపేది అక్కడికే.

నాది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం. డేట్ కోడ్, బ్యాచ్ నంబరు, టెంపరేచర్ రీడింగ్, రోజంతా వీటితోనే పని. తినేదైనా తాగేదైనా చేతికి రాగానే కన్ను డేట్ మీదికే పోతుంది. బీరు కొనేటప్పుడు ఈ అలవాటు నాకు చాలా మేలు చేసింది. లైట్ బీరు రుచి బ్రాండు కన్నా డేట్ మీద, అది నిలబడిన చోటు మీద ఎక్కువ ఆధారపడి ఉంటుందని నా గట్టి నమ్మకం.

మన కౌంటర్ల దగ్గర పిల్స్‌నర్ అనే మాట వినపడదు. "స్ట్రాంగా, లైటా?" అంతే. లైట్ అని అడిగి మనం తెచ్చుకునే బంగారు రంగు బీర్లన్నీ ఆ పిల్స్‌నర్ వంశంలోవే. దాని పుట్టిల్లు ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని పిల్సెన్ ఊరు. 1838లో అక్కడి జనం బీరు పాడైపోయిందని కోపంతో 36 పీపాలు టౌన్ హాల్ ముందే పారబోశారు. ఆ తర్వాత ఊరివాళ్ళే కలిసి కొత్త బ్రూవరీ కట్టుకుని, బవేరియా నుంచి జోసెఫ్ గ్రోల్ అనే ఆయన్ని పిలిపించుకున్నారు. లేత రంగు బార్లీ మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), లవణాలు తక్కువున్న ఆ ఊరి నీళ్ళు, సాజ్ అనే రకం హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు), చల్లటి నేలమాళిగలో నిదానంగా పులియబెట్టడం. 1842 అక్టోబర్ 5న ఆయన మొదటి బ్యాచ్ కాచాడు. పాడైన బీరు మాకొద్దని తెగేసి చెప్పిన జనం వల్ల పుట్టిన రకం ఇది. పాత స్టాక్ చేతిలో పెడితే మనం మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

ఈ రకానికి తాజాదనం ఎందుకంత ముఖ్యమంటే, దీంట్లో లోపాన్ని దాచేది ఏమీ లేదు. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది, దానికి తోడు తీపి. కాస్త పాతబడినా చాలామందికి తెలియదు. లైట్‌లో ఆల్కహాల్ 5 శాతం అటూ ఇటూ, మాల్టు రుచి కూడా పల్చన. మిగిలేది హాప్స్ వాసన, గుటక వేశాక నాలుక వెనక నిలిచే చేదు. అన్నిటికన్నా ముందు పోయేది ఆ వాసనే. తర్వాత మెల్లగా తడిసిన అట్టపెట్టె వాసన మొదలవుతుంది. సీసాలు, టిన్నులు పాశ్చరైజ్ చేసి వస్తాయి కాబట్టి పాతబడిన బీరుతో జబ్బు చేస్తుందన్న భయం లేదు, కానీ మనం డబ్బులు పెట్టింది రుచి కోసమే కదా.

మన జిల్లాలో దీనికి రెండు కష్టాలు. ఒకటి ఎండ. రోహిణి కార్తెలో ఇక్కడ పగలు 42, 43 డిగ్రీలు దాటేస్తుంది. బ్రూవరీ నుంచి లారీ, లారీ నుంచి డిపో, డిపో నుంచి షాపు వెనక గది. దారి పొడుగునా చలువ అనేది ఉండదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే బీరు పాతబడే వేగం రెండు మూడింతలు అవుతుందని ఆ పరిశ్రమలో లెక్క వేసుకుంటారు. సీసా మీద ఆరు నెలలు అని వేసి ఉండొచ్చు, మన మే నెలకి ఆ ఆరు నెలలు ఆగవు. రెండోది, ఇక్కడ అమ్ముడుపోయేది ఎక్కువగా స్ట్రాంగే. స్ట్రాంగ్ కేసు వచ్చిన రోజే ఖాళీ అయ్యే షాపులో లైట్ కేసు వారాల తరబడి మూల కూర్చుంటుంది. గిరాకీ బాగా ఉన్న షాపుకి వెళ్ళాం కదా, అన్నీ ఫ్రెష్‌గానే ఉంటాయి అనుకోవడానికి లేదు. లైట్‌కి గిరాకీ ఉందా అన్నదే చూసుకోవాలి.

వేదాయపాళెం షాపుకి ఆ గిరాకీ ఉంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు, అద్దెకుండే ఉద్యోగస్తులు. సాయంత్రం పూట గ్రిల్ దగ్గర నిలబడితే వరసగా లైట్ అడిగేవాళ్ళే కనపడతారు. కౌంటర్‌లో ఉండే తమ్ముడికి సరుకు సర్దడం తెలుసు. ఒకసారి కేసులు దిగుతుండగా అక్కడే ఉన్నాను. ఫ్రిజ్‌లో ఉన్న టిన్నులన్నీ ముందు బయటికి తీసి, కొత్తవి వెనక్కి పేర్చి, పాతవి ముందు వరసలో పెట్టాడు. పెడుతూ ప్రతి టిన్ను అడుగు తిప్పి చూశాడు. టిన్ను మీద తయారైన తేదీ సాధారణంగా అడుగున, లోపలికి ఒంగిన భాగంలో, చిన్న చిన్న చుక్కల అక్షరాలతో ఉంటుంది. ఫ్రిజ్ చెమ్మకి మంచు పట్టి కనపడదు, బొటనవేలితో తుడవాలి. ఆ తమ్ముడు చొక్కా అంచుతో తుడిచి చూశాడు. రెండు టిన్నులు పక్కన పెట్టేశాడు. అవేంటని అడిగితే, "అయి నాలుగు నెలలు దాటినాయన్నా, మీకెందుకు, ఇయ్యి తీసుకోండి" అన్నాడు. ఆ రోజు నాకిచ్చినవి తయారై నెల కూడా కాలేదు.

ఇలా చెప్పి ఇచ్చే షాపు ఇంకొకటి నాకు టౌన్‌లో కనపడలేదు.

దీనికి పూర్తి ఎదురు, మినీ బైపాస్ మీద పెద్ద అద్దాల షాపు ఒకటి. 2024 అక్టోబర్ 16 నుంచి ప్రైవేటు షాపులు మళ్ళీ వచ్చాక ఇలాంటివి పెరిగాయి. బ్రాండ్లు కూడా తిరిగొచ్చాయి, అది సంతోషించాల్సిందే. అంతకు ముందు సర్కారు షాపుల కాలంలో కావలసిన సీసా కోసం ఊరంతా తిరగాల్సి వచ్చేది. ఈ పెద్ద షాపులో ఏసీ ఉంది, లైట్లు ఉన్నాయి, లోపలికి వెళ్ళి ఎంచుకోవచ్చు. అయితే పచ్చ సీసాలు పడమటి అద్దం పక్కనే వరసగా నిలబెట్టారు. మధ్యాహ్నం మూడు నుంచి ఎండ నేరుగా వాటి మీదే. అక్కడ కొన్న సీసా ఇంటికి తెచ్చి మూత తీయగానే కాలిన రబ్బరు లాంటి ఘాటు వాసన. చేదు లేదు, తాజాదనం లేదు. తేదీ చూస్తే మాత్రం రెండు నెలలే. మళ్ళీ వెళ్ళినప్పుడు అక్కడి కుర్రాడికి చెప్పాను. "పచ్చ సీసా బీరంటే అట్టనే ఉంటది సార్, అది ఫారిన్ టేస్టు" అన్నాడు. అది ఫారిన్ టేస్టు కాదు. హాప్స్ నుంచి వచ్చే చేదు పదార్థం మీద వెలుతురు పడితే గంధకం ఉన్న ఒక కొత్త పదార్థం తయారవుతుంది, కంపు దానిదే. చుక్కలో కోటో వంతు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఎండలో అయితే నిమిషాల్లో మొదలవుతుంది, ఫ్రిజ్ ట్యూబ్‌లైట్ కింద నెమ్మదిగా అవుతుంది. గోధుమ రంగు సీసా ఈ వెలుతురుని చాలావరకు ఆపుతుంది, పచ్చది పెద్దగా ఆపదు, తెల్ల గాజు అసలు ఆపదు. టిన్నులోకి వెలుతురే పోదు.

అందుకే నా మొదటి ఎంపిక ఎప్పుడూ టిన్నే. టిన్ను బీరుకి రేకు వాసన వస్తుందని మా ప్లాంట్‌లో కూడా చాలామంది అంటారు. లోపల పూత ఉంటుంది, బీరు లోహానికి తగలదు. గ్లాసులో పోసుకుంటే ఆ అనుమానం కూడా పోతుంది. టిన్ను లేకపోతే గోధుమ రంగు సీసా, అదీ ఫ్రిజ్ ముందు వరసలో లైటు కింద ఉన్నది కాకుండా లోపలి వరసలోది. పచ్చ సీసా కావాలంటే మాత్రం మూసి ఉన్న కేసులోంచి తీసిమ్మని అడగండి. కూలింగ్ లేకపోయినా పర్వాలేదు, ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. మనవాళ్ళు షాపుకెళ్ళగానే "కూలింగ్ ఉందా?" అని ఒక్కటే అడుగుతారు. చల్లగా ఉన్నదల్లా తాజాది కాదు. సీసా మీద తెల్లటి గీతలు చూసి పాత బీరనుకోకండి, ఖాళీ సీసాలు కడిగి మళ్ళీ నింపుతారు కాబట్టి గీతలు సీసా వయసే చెబుతాయి.

ఇక బ్రాండ్ల సంగతి. చెక్ వాళ్ళు పిల్స్‌నర్ అనేంత చేదు, అంత హాప్స్ వాసన ఉన్నది మన షాపుల్లో నాకు తగల్లేదు. దగ్గరగా వచ్చేవి ఉన్నాయి. హైనెకెన్‌లో నీళ్ళు, బార్లీ మాల్టు, హాప్స్ తప్ప వేరే ధాన్యం కలపరు. టిన్నులో ఫ్రెష్‌గా దొరికితే చేదు శుభ్రంగా, పొడిగా ఉంటుంది. మన దగ్గర దొరికేవాటిలో నా ఓటు దానికే. కార్ల్స్‌బర్గ్ తన దేశం డెన్మార్క్‌లో పిల్స్‌నర్ పేరుతోనే అమ్ముడవుతుంది, నాకు దాని మాల్టు రుచి ఇష్టం. కింగ్‌ఫిషర్ ప్రీమియం చేదులో వీటికన్నా తక్కువ. కానీ లైట్లలో ఎక్కువ కదిలే సరుకు అదే కాబట్టి కొత్త తేదీ దొరికే అవకాశం దానికే ఎక్కువ. నెలలోపు ప్రీమియం, ఐదు నెలల హైనెకెన్ పక్కపక్కన పెడితే నేను కళ్ళు మూసుకుని ప్రీమియం తీసుకుంటాను. బడ్వైజర్‌లో బియ్యం కలుపుతారు, తేలిగ్గా ఉంటుంది, పిల్స్‌నర్ చేదు కోరుకునేవాళ్ళకి ఆనదు.

తెచ్చుకున్నాక గడ్డకట్టేంత చల్లగా తాగకండి. మరీ చల్లబడితే నాలుక మొద్దుబారి, ఇంత వెతికి తెచ్చిన హాప్స్ వాసన తెలియకుండా పోతుంది. 5 నుంచి 7 డిగ్రీలు చాలు, అంటే ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచాలి. గ్లాసుకి నూనె జిడ్డు, సబ్బు లేకుండా కడిగి, కాస్త ఎత్తునుంచి పోసి రెండు వేళ్ళ నురగ రానివ్వాలి. ఫ్రెష్ బీరు నురగ తెల్లగా, చిన్న బుడగలతో నిలబడుతుంది, గుటక గుటకకీ గ్లాసు లోపల ఒక గీత మిగులుస్తుంది. పక్కన ఏం పెట్టుకోవాలంటే మైపాడు నుంచి వచ్చిన నెత్తళ్ళు, కారం, ఉప్పు, కొంచెం బియ్యప్పిండి పట్టించి కరకరలాడేలా వేయించినవి. నూనె బరువుని ఆ చేదు కోసేస్తుంది. మన చేపల పులుసు ఎంత గొప్పదైనా దీనికి జోడీ కాదు, చింతపండు పులుపు ముందు ఈ బీరు నీళ్ళలా అయిపోతుంది. అది అన్నంలోకే ఉంచుకోవాలి.

ఒంగోలు వాళ్ళు అడుగుతుంటారు కాబట్టి రెండు మాటలు. కర్నూలు రోడ్డు వైపు లాడ్జీలకి దగ్గరగా ఉన్న షాపుల్లో లైట్ కదులుతుంది, అక్కడ టిన్నులు రెండు నెలలు దాటినవి నాకు తక్కువగా ఎదురయ్యాయి. కావలిలో హైవే పక్క షాపుల్లో స్ట్రాంగ్ తప్ప అడిగేవాళ్ళు లేరు. లైట్ దొరికినా అడుగు తుడిచి చూడకుండా డబ్బులివ్వకండి. తేదీ చూపించడానికి విసుక్కునే షాపు ఎక్కడున్నా నేను అక్కడ కొనను.

వేదాయపాళెం షాపులో ఒక్క ఇబ్బంది ఉంది. ఫ్రిజ్ చిన్నది. శనివారం సాయంత్రం ఏడు దాటితే లైట్ టిన్నులు అయిపోతాయి, కూలింగ్ లేని సీసాలే మిగులుతాయి. షాపులు పొద్దున పదింటికే తెరుస్తారు. వారం మధ్యలో, ఎండ ఎక్కక ముందే వెళ్ళి, ఇంటికి వచ్చేదాకా బండి డిక్కీలో పెట్టకుండా తెచ్చుకోండి. ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీ లోపల వేడి ఎంతుంటుందో ఒకసారి చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. నేనైతే ప్లాంట్‌లో శాంపిళ్ళు మోసే చిన్న థర్మోకోల్ డబ్బా లాంటిది ఒకటి కొని పెట్టుకున్నాను, నాలుగు టిన్నులు, ఒక ఐస్ ప్యాక్ సరిగ్గా పడతాయి.