రాగి సంగటా, పాలా: కాల్షియానికి ఏది మేలు?

మోకాళ్ళ నొప్పుల మాట వస్తే చాలు, మా వీధిలో అందరూ నన్నిదే అడుగుతారు. మొన్న డాక్టరు దగ్గర్నుంచి వచ్చి మా అమ్మా అదే మొదలుపెట్టింది. ఆమెది పలమనేరు పక్క పల్లె. "సంగటి తిని పెరిగినోళ్ళం, ఇప్పుడు పాలెందుకు నాయనా?"

కాగితం మీద అమ్మదే గెలుపు. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు, అన్నే పాలల్లో 120. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 1000 కావాలి, నెలసరి ఆగిన ఆడవాళ్ళకు 1200.

అయితే ముద్దలో రాగి ఎంత? సంగటిలో బియ్యమూ ఉంటుంది కదా. తిరుపతిలో కొన్ని హోటళ్ళ ముద్దయితే రాగి రంగు పూసుకున్న అన్నమే. మా ఇంట్లో తూచి చూశాను: అమ్మ ముద్దకు పడే పిండి 50 గ్రాములు. అంటే 175 మిల్లీగ్రాములు. 200 మిల్లీలీటర్ల గ్లాసుడు పాలల్లో 240.

నా దృష్టిలో అసలు తేడా ఒంటికి పట్టడంలో ఉంది. పాలల్లోది దాదాపు మూడో వంతు పడుతుంది. రాగుల్లో ఫైటేట్లనే పదార్థాలు ఉంటాయి, అవి కాల్షియాన్ని ఓ పట్టాన వదలవు. రాగులు మొలకెత్తించి ఆడిస్తే, అంబలి రాత్రంతా పులిస్తే ఆ పట్టు కొంత సడలుతుంది. పిండి నున్నగా రావాలని జల్లించేస్తారు కొందరు. పొట్టులోనే కాల్షియం ఎక్కువ, అదే పారబోస్తున్నారు.

అందుకే నేను పెరుగు వైపు. పాలు తాగితే కడుపుబ్బరం అనేవాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది. వెన్న తీసినా కాల్షియం ఎక్కడికీ పోదు. నీళ్ళు పోసేకొద్దీ మాత్రం పలచనవుతుంది. మా అమ్మ మజ్జిగ గ్లాసు అడుగున వేలు పెడితే పైనుంచి గోరు కనిపిస్తుంది!

నువ్వుల్లో బోలెడుంది, కానీ రోజుకు చెంచాడు మించి ఎవరు తింటారు? మునగాకు మంచిదే. పాలకూరను లెక్కలోకి తీసుకోకండి, అందులోని ఆక్సలేట్లనే పదార్థాలు కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. మాత్రలు డాక్టరు రాస్తేనే. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం మింగొద్దు.

నిన్న రాత్రి అమ్మ అంబలి పులియబెట్టింది. పొద్దున అందులో రెండు గరిటెల గడ్డపెరుగు వేశాను. "ఇంత చిక్కగా ఎట్లా తాగేది?" అంటూ నీళ్ళ చెంబు అందుకోబోయింది. చెంబు తీసి గట్టు మీద పెట్టాను.